ముందు డోరు, తర్వాతే వాట్లు: కారు ఆడియోపై మీ ప్రశ్నలు

కారులో పాట బాగా వినిపించాలంటే ఏం చేయాలో అడగమని పోయిన నెల రాశాం. తిరుపతి, చిత్తూరు వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగినవాళ్లను కలిపి ఒక జవాబు రాస్తున్నాను. కొందరు ఫలానా మోడల్ కొనమంటారా అని మాత్రమే అడిగారు. మీ కారు, మీరు వినే పాటలు, మీ బడ్జెట్ తెలియకుండా మోడల్ పేరు చెప్పలేను, ఈసారి ఆ మూడూ రాయండి.

ప్రశ్న: అన్నా, సెకండ్ హ్యాండ్‌లో స్విఫ్ట్ తీసుకున్నాను. కంపెనీ స్టీరియో, నాలుగు డోర్లలో కంపెనీ స్పీకర్లు ఉన్నాయి. చేతిలో 25 వేలు ఉన్నాయి. షాపులో అడిగితే నాలుగు స్పీకర్లూ మార్చి డిక్కీలో 1200 వాట్ల సబ్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) పెట్టుకో, అదిరిపోతుంది అంటున్నారు. పెట్టించేయమంటావా?
– కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. అట్టపెట్టె మీద పెద్దగా వేసిన 1200 చూసి డబ్బులు ఇవ్వొద్దు. పెట్టె తిప్పి చిన్న అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అని ఎక్కడుందో వెతుకు. అక్కడ 250 అనో 300 అనో ఉంటుంది, ఆ సబ్ గంటల తరబడి మోయగలిగేది అంతే. నీ స్టీరియో సంగతీ ఇంతే. దాని మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసి ఉంటుంది కదా, ఆ 50 ఎలా వచ్చిందో లెక్క చూడు. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది దాదాపు 14.4 వోల్టులు, స్పీకర్ 4 ఓములు. 14.4ని 14.4తో గుణించి 4తో భాగిస్తే 51.8 వస్తుంది. పాట పూర్తిగా పగిలిపోయి గర్రుమనే స్థితిలో దొరికే అంకె అది. పాట పాటలా వినిపించాలంటే అందులో సగం కూడా రాదు, ఛానెల్‌కి 15 నుంచి 20 వాట్లు అనుకో. శబ్దం కొలిచే లెక్కలో వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు పెద్దగా వినిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. అందుకే స్పీకర్ కొనేటప్పుడు వాట్లకంటే ముందు సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటుకి అది ఎంత పెద్దగా పలుకుతుందో, చూడమంటాను. 88 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ బదులు 91 ఉన్నది తీసుకుంటే ఆంప్‌ని, అంటే స్పీకర్లకి శక్తి పెంచి పంపే డబ్బాని, రెట్టింపు చేసినంత లాభం, పైగా అదనపు వైరు ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఇక అసలు సంగతి డోరు. స్పీకర్ కోన్ (మధ్యలో కదిలే గిన్నె లాంటి భాగం) ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ ఒకచోట కలిసిపోతే బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఇంట్లో స్పీకర్‌ని చెక్క పెట్టెలో బిగించేది అందుకే. కారులో ఆ పెట్టె పని చేయాల్సింది డోరే. డోర్ ప్యాడ్ ఊడదీసి చూడు, నీకే అర్థమవుతుంది. లోపలి రేకుకి చెయ్యి దూరేంత కంతలు ఉంటాయి, వాటి మీద పలచటి ప్లాస్టిక్ కవర్ ఒకటి నల్ల జిగురుతో అంటించి ఉంటుంది. ఇంకా లోపలికి చెయ్యి పెట్టి బయటి రేకుని వేలితో తడితే ఖాళీ నూనె డబ్బా మోత. ఆ డబ్బాలో ఎనిమిది వేల స్పీకర్ పెట్టినా, పద్దెనిమిది వేల స్పీకర్ పెట్టినా ముందు వినిపించేది డబ్బానే.

కాబట్టి మొదటి ఖర్చు రేకు అదురు ఆపే బ్యూటైల్ రబ్బరు డ్యాంపింగ్ షీట్లకి. బయటి రేకు లోపలి వైపు మొత్తం కప్పాల్సిన పని లేదు, మూడో వంతు అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కితే తట్టినప్పుడు "ఠంగ్" అనేది "డబ్" అంటుంది. చదరపు అడుగుల లెక్కన బిల్లు వేస్తారు కాబట్టి మొత్తం కప్పాల్సిందే అంటారు, వినొద్దు. తర్వాత లోపలి రేకు కంతలు మూయించు, పెద్ద కంతలకి వెనక గట్టి షీటు పెట్టి. డోరు అడుగున అంచులో చిన్న చిన్న నీళ్ల కంతలు ఉంటాయి, వాటిని మాత్రం ఎవరు చెప్పినా మూయనివ్వొద్దు. అద్దం పక్క నుంచి దిగే వాన నీళ్లు వాటిలోంచే పోవాలి, లేకపోతే రెండేళ్లలో డోరు అడుగు తుప్పు పట్టి పొరలు లేస్తుంది. చవగ్గా వస్తుందని తారు షీట్లు కూడా వేయించుకోకు. మన మే నెల ఎండలో రోజంతా నిలబెట్టిన కారులో అవి మెత్తబడి జారతాయి, ఆ తారు వాసన అద్దాలు దించినా పోదు.

స్పీకర్ కింద వేసే రింగు గురించి కూడా చెప్పాలి. నా పాత కారులో ఎండీఎఫ్ చెక్క రింగులు వేయించుకున్నాను, అప్పట్లో అదే మంచిదనుకున్నాం. 2021 నవంబరులో తిరుపతి నీళ్లలో మునిగినప్పుడు కారు రెండు రోజులు వానలోనే ఉంది. నెల తర్వాత ఎడమ డోర్లో గరగర మొదలైతే ప్యాడ్ తీశాను. రింగు నానిన అట్టలా ఉబ్బి అంచులు పొరలు పొరలుగా విడిపోయింది, స్క్రూలు వేలితో లాగితే ఊడి వచ్చాయి. అప్పటి నుంచి ప్లాస్టిక్ రింగులే వాడుతున్నాను, నువ్వూ అవే వేయించుకో.

నీ 25 వేలు నేనైతే ఇలా పెడతాను: ముందు రెండు డోర్ల డ్యాంపింగ్‌కి నాలుగు వేలు, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) విడిగా వచ్చే ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ సెట్‌కి ఎనిమిది, 4 ఛానెల్ ఆంప్‌కి ఎనిమిది, మంచి రాగి వైరింగ్‌కి మూడు, మిగిలింది కూలికి. వెనక డోర్లలో కంపెనీ స్పీకర్లు అలాగే ఉండనీ, స్టీరియోకే ఉండనీ, ఫేడర్ (ముందు, వెనక శబ్దాన్ని సర్దే సెట్టింగు) కొంచెం ముందుకి జరుపు చాలు. పాట ముందు నుంచి రావాలి, కచేరీకి వెళ్తే ఎవరైనా స్టేజీకి వీపు పెట్టి కూర్చుంటారా? ఆంప్‌లో రెండు ఛానెళ్లు ముందు స్పీకర్లకి పోగా మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. వచ్చే ఏడాది డబ్బులు చేరాక వాటిని బ్రిడ్జ్ చేసి, అంటే రెండింటినీ ఒకటిగా కలిపి, ఒక పది లేదా పన్నెండు అంగుళాల సబ్ పెట్టుకోవచ్చు, ఇంకో ఆంప్ కొనక్కర్లేదు. కంపెనీ వైరింగ్‌ని మాత్రం కత్తిరించనివ్వకు. స్విఫ్ట్‌కి సరిపోయే కప్లర్లు బజారులో దొరుకుతాయి, అవి గుచ్చితే పని అయిపోతుంది, రేపు కారు అమ్మేటప్పుడు మళ్లీ మామూలుగా చేసుకోవచ్చు.

ప్రశ్న: సార్, ఆంప్ పెట్టించి నెల అయింది. బండి స్టార్ట్ చేస్తే స్పీకర్లలో సన్నగా కూత వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ కూత పెరుగుతుంది. షాపుకి రెండుసార్లు పోయినా ఆంప్ మంచిదే అంటున్నారు, నాయిస్ ఫిల్టర్ కొనుక్కోమంటున్నారు. బండిలో కూర్చోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.
– పుత్తూరు

జవాబు: ఆంప్ మంచిదే అయ్యుంటుంది సార్, ఎర్త్ బాగాలేదు. ఇంజను వేగంతో పాటు కూత పెరుగుతోందంటే అది ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించేది) నుంచి వస్తున్న చప్పుడు. స్టీరియో ఒకచోట, ఆంప్ ఇంకోచోట బాడీకి ఎర్త్ అయి, ఆ రెండు చోట్లకీ మధ్య కొద్దిగా వోల్టేజీ తేడా ఉంటే ఆ తేడా వల్ల కరెంటు ఆర్‌సీఏ వైరు (స్టీరియో నుంచి ఆంప్‌కి పాటని తెచ్చేది) మీదుగా ప్రవహిస్తుంది. దాన్నే ఆంప్ పెంచి మనకి వినిపిస్తుంది.

ఫిల్టర్ కొనకముందు ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. అన్నీ ఆఫ్ చేసి ఆంప్ దగ్గర ఆర్‌సీఏ పిన్నులు పీకేయండి (ఆన్‌లో ఉండగా ఎప్పుడూ పీకొద్దు). మళ్లీ స్టార్ట్ చేసి వినండి. కూత ఇంకా ఉంటే తప్పు ఆంప్ పవర్ వైరులోనో ఎర్త్‌లోనో ఉంది. కూత పోతే స్టీరియో వైపో, ఆర్‌సీఏ వైరు పోయే దారిలోనో ఉంది.

మన దగ్గర నేను చూసిన బళ్లలో ఎక్కువ సార్లు దొరికింది ఇదీ: ఎర్త్ వైరు చివర ఉంగరాన్ని వెనక సీటు కింద ఏదో ఒక బోల్టుకి తగిలించి వదిలేసి ఉంటారు, బోల్టు చుట్టూ పెయింట్ అలాగే ఉంటుంది. పెయింట్ మీద ఎర్త్ ఎలా దొరుకుతుంది? ఆ చోట ఉప్పు కాగితంతో రుద్ది రేకు తళతళమనేదాకా పెయింట్ తీయించండి. సీటు బెల్టు బోల్టు వాడొద్దు, దాని పని వేరే. వైరు ఆంప్ నుంచి ఒకటిన్నర అడుగు మించకుండా, పవర్ వైరంత లావుగానే ఉండాలి. బిగించాక పైన కొంచెం గ్రీజు రాయిస్తే తుప్పు పట్టదు. తర్వాత కింద మ్యాట్ ఎత్తి చూడండి. పవర్ వైరు, ఆర్‌సీఏ రెండూ ఒకే పక్క అంటుకుని పోతుంటే విడదీయించి ఒకటి కుడి వైపు, ఒకటి ఎడమ వైపు నుంచి లాగించండి. పదింట తొమ్మిది బళ్లలో ఈ రెండు పనులతో కూత పోయింది.

ఇంకో విషయం మీరు అడగలేదు, అయినా వెళ్లి చూసుకోండి. బ్యాటరీ దగ్గర ఎర్ర వైరుకి ఫ్యూజు ఉందా? బ్యాటరీ నుంచి ఒకటిన్నర అడుగు లోపలే ఉండాలి. ఆ ఫ్యూజు ఆంప్ కోసం కాదు, వైరు కోసం. ఇంజను వెనక ఇనుప గోడలోంచి వైరు లోపలికి దూరే చోట రబ్బరు వాషరు లేకపోతే, రోజూ అదురుతూ అదురుతూ పై తొడుగు తెగి రాగి బాడీకి తగులుతుంది. ఫ్యూజు ఉంటే అది కొట్టేస్తుంది. లేకపోతే వైరు మొత్తం ఎర్రగా కాలి కింద కార్పెట్‌ని అంటిస్తుంది. ఇది లేని బండిని ఒక్క రోజు కూడా నడపకండి, నిజంగా చెబుతున్నాను.

వైరు కొనేటప్పుడు కూడా జాగ్రత్త. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చూడ్డానికి రాగిలాగే ఉంటుంది, ధర సగం. కానీ అదే లావు రాగి మోసే కరెంటులో అది మోసేది మూడింట రెండు వంతుల లోపే. చివర కొంచెం కత్తితో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

ప్రశ్న: మూడు నెలల్లో రెండు జతల ట్వీటర్లు కాలిపోయాయి. స్పీకర్లు డూప్లికేటా? ఆంప్ 75 వాట్లు, స్పీకర్లు కూడా 75 వాట్లే. గెయిన్ ఫుల్, బేస్ బూస్ట్ ఫుల్ పెట్టాను, అయినా సౌండ్ చాలట్లేదు.
– శ్రీకాళహస్తి

జవాబు: మీ ఉత్తరం చివరి వాక్యంలోనే కారణం ఉంది. గెయిన్ అనేది వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి ఎంత వోల్టేజీ వస్తే ఆంప్ తన పూర్తి శక్తి ఇవ్వాలో చెప్పే బిరడా అది. ఫుల్ తిప్పితే స్టీరియో వాల్యూమ్ పది దాటకముందే ఆంప్ చేతులెత్తేస్తుంది. అక్కడి నుంచి పాట అల పైభాగం, కింది భాగం కత్తిరించినట్టు చదునైపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. చదునైన అలలో, అసలు పాటలో లేని కీచు స్వరాలు కొత్తగా పుడతాయి, అవి నేరుగా ట్వీటర్‌కే వెళతాయి. ట్వీటర్ లోపల తీగ వెంట్రుకంత సన్నం, అది ఎంతసేపు ఓర్చుకుంటుంది? బేస్ బూస్ట్ కథ ఇంకా ఘోరం. ఆ బిరడా 10 డెసిబెల్స్ పెంచితే ఆ స్వరం దగ్గర ఆంప్‌ని పదింతల వాట్లు అడిగినట్టు. 75 వాట్ల ఆంప్ 750 ఎక్కడ తెస్తుంది?

సరిచేయడానికి మామూలు మల్టీమీటర్ చాలు. బేస్ బూస్ట్ సున్నా, స్టీరియోలో ఈక్వలైజర్ ఫ్లాట్, గెయిన్ పూర్తిగా కిందికి. స్పీకర్ వైర్లు ఆంప్ నుంచి విప్పేయండి. 1000 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెన్ డ్రైవ్‌లో వేసుకుని, ఇంజను ఆన్‌లో ఉంచి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతులో పెట్టండి. మీటర్‌ని ఏసీ వోల్టుల మీద ఉంచి ఆంప్‌లో స్పీకర్ వైర్లు బిగించే చోట కొలవండి. ఎంత రావాలో లెక్క తేలిక: వాట్లని ఓములతో గుణించి వర్గమూలం తీయాలి. మీకు 75 ఇంటూ 4 అంటే 300, దాని వర్గమూలం 17.3. గెయిన్ మెల్లగా తిప్పుతూ మీటర్ 17 వోల్టులు చూపించగానే ఆపండి, అక్కడే ఒక మార్కర్ గీత పెట్టండి. ఇకమీదట వాల్యూమ్ ముప్పావు దాటించకండి. ఆంప్‌లో హెచ్‌పీఎఫ్ అని, లోతైన బేస్‌ని ఆపే స్విచ్చి ఒకటి ఉంటుంది, దాన్ని ఆన్ చేసి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. డోరు స్పీకర్ మీద లోతైన బేస్ భారం తగ్గి అదే స్పీకర్ ఇంకా ఎక్కువ వాల్యూమ్‌లో శుభ్రంగా పలుకుతుంది.

కొత్త ట్వీటర్లు పెట్టకముందు క్రాసోవర్ డబ్బా (ట్వీటర్‌కి పై స్వరాలే పంపేది) నిజంగా మధ్యలో ఉందో లేదో కూడా చూడండి. అది ఖాళీగా పక్కన పడేసి ట్వీటర్‌ని నేరుగా ఆంప్‌కి కలిపిన బళ్లు రెండు నేనే చూశాను. ఇవన్నీ చేశాక కూడా సౌండ్ చాలకపోతే అప్పుడు డోర్ల గురించి పైన రాసింది చదవండి.

ప్రశ్న: అన్నా నమస్కారం. మాది మామిడి లోడు లారీ, చిత్తూరు నుంచి చెన్నై లైన్. రాత్రిపూట నిద్ర రాకుండా పాటలు పెట్టుకుంటాం. కారు స్టీరియో ఒకటి తెచ్చి రెండు బ్యాటరీలలో ఒకదాని నుంచి వైరు లాగి పెట్టాం. బాగానే పాడుతుంది కానీ ఆరు నెలలకే ఒక బ్యాటరీ పోయింది. కొత్తది వేశాం, అదీ వీక్ అయింది.
– చిత్తూరు

జవాబు: అన్నా, స్టీరియోకి కావాల్సింది 12 వోల్టులే కాబట్టి ఒక బ్యాటరీ నుంచి లాగితే సరిపోతుందని చాలామంది అలాగే చేస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, మీ లారీ 24 వోల్టులది, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉన్నాయి. ఆల్టర్నేటర్ ఆ రెండింటినీ ఒకటిగానే చూసి ఛార్జ్ చేస్తుంది. ఒకదాని నుంచే రోజూ స్టీరియో కరెంటు తాగుతుంటే అది సగం ఛార్జ్‌లో మిగిలిపోతుంది, పక్కది మాత్రం నిండిపోయాక కూడా ఛార్జ్ అవుతూ నీళ్లు ఎగిరిపోతుంది. చివరికి రెండూ పోతాయి. ఇప్పుడు ఒకటి మార్చారు, రెండోదాని ప్లేట్లు మునిగేలా నీళ్లు ఉన్నాయో లేదో వెంటనే చూపించుకోండి.

24 నుంచి 12 వోల్టులకి దించే కన్వర్టర్ డబ్బా దొరుకుతుంది. మామూలు స్టీరియో, రెండు స్పీకర్లకైతే 10 ఆంపియర్లది చాలు, చిన్న ఆంప్ కూడా పెట్టుకుంటే 30 ఆంపియర్ల వరకు ఉన్నది తీసుకోండి. రెండు బ్యాటరీల చివరల నుంచి దానికి కరెంటు ఇవ్వండి, ఇన్‌పుట్ వైపు ఫ్యూజు పెట్టండి, డబ్బాకి గాలి తగిలే చోట బిగించండి. 24 వోల్టుల వైరు పొరపాటున కూడా నేరుగా స్టీరియోకి కలపొద్దు, ఇంజను ఆన్‌లో ఉంటే అక్కడ 28 వోల్టులు ఉంటాయి, స్టీరియో ఒక్క క్షణంలో పోతుంది.

ఇంకో మాట అన్నా. పాటతో నిద్ర ఆగదు. కళ్లు మూతలు పడుతుంటే వాల్యూమ్ పెంచకండి, లారీ పక్కన ఆపి అరగంట పడుకోండి. సరుకు అరగంట ఆలస్యంగా వెళ్లినా ఫర్వాలేదు.

ప్రశ్న: సీఎన్‌జీ కారు, డిక్కీలో సిలిండర్ ఉంది. సబ్ ఎక్కడ పెట్టాలి?
– పలమనేరు

జవాబు: సీటు కింద పట్టే యాక్టివ్ సబ్ తీసుకోండి, ఆంప్ దానిలోనే ఉంటుంది. డిక్కీ అదిరేంత రాదు, కానీ డప్పు, మృదంగం నిండుగా వినిపిస్తాయి. డిక్కీలో సిలిండర్ పక్కన మిగిలిన జాగాలో బాక్స్ ఇరికించడం నాకు ఇష్టం లేదు. వాల్వ్‌కి చెయ్యి అందాలి, మూడేళ్లకోసారి సిలిండర్ దించి పరీక్ష చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్లోర్‌కి డ్రిల్లుతో కంత పెట్టనివ్వకండి. గ్యాస్ పైపు సాధారణంగా ఆ రేకు కిందనుంచే పోతుంది.

ఎలక్ట్రిక్ కార్ల గురించి అడిగినవాళ్లకి కూడా ఇక్కడే: వాటిలోనూ స్టీరియోకి కరెంటు ఇచ్చేది చిన్న 12 వోల్టుల బ్యాటరీయే, ఆంప్‌కి కరెంటు దాని నుంచే తీసుకోవాలి. నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎవరూ పోకూడదు, అందులో ఉన్నది ప్రాణం తీసే వోల్టేజీ.

ప్రశ్న: బ్రో, అలిపిరి దగ్గర నిలబడితే రెండు వీధుల అవతలికి వినిపించాలి. బడ్జెట్ ఎంతైనా ఓకే.
– తిరుపతి, ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: నీ ఇష్టాన్ని కాదనను తమ్ముడూ, శబ్దం ఒంటికి తగిలితే వచ్చే ఆనందం నాకూ తెలుసు. కానీ అలిపిరి రోడ్డులోనే రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10 వేల రూపాయల దాకా జరిమానా ఉంది, మూడు నెలలు లైసెన్సు కూడా పోవచ్చు. ఆ ఆసుపత్రిలో మన ఇంటి మనిషి ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు.

నీ చెవుల సంగతి కూడా విను. 85 డెసిబెల్స్ రోజుకి 8 గంటలు వినొచ్చంటారు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగం అవుతుంది. 100 డెసిబెల్స్‌కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. కారు అద్దాలు ఎత్తి పెద్ద సబ్ పెడితే 100 దాటడం చాలా సులువు. కారు దిగాక చెవుల్లో గుయ్యిమని మోగిందంటే అప్పటికే ఎక్కువైనట్టు. నీ బడ్జెట్ నా దగ్గర ఉంటే పన్నెండు అంగుళాల సబ్ ఒకటి, ఒక ఘనపు అడుగు చుట్టూ ఉండే సీల్డ్ బాక్స్‌లో పెట్టి, మిగతాదంతా డోర్లకీ డీఎస్‌పీకీ (శబ్దాన్ని సర్దే డిజిటల్ పరికరం) పెడతాను. ఆ బేస్ బయట వీధికి కాదు, సీట్లో కూర్చున్న నీకు వినిపిస్తుంది.

ప్రశ్న: నమస్తే అండీ. మేం నెలకోసారి కొండకి వెళ్తాం. మా అమ్మకి 70 ఏళ్లు, ముందు సీట్లో కూర్చుంటుంది. కీర్తనలు పెడితే "మాటలు తెలియట్లేదు, వాయిద్యాలే వినిపిస్తున్నాయి" అంటుంది. వాల్యూమ్ పెంచితే వెనక పిల్లలు లేచిపోతారు. మా ఆయన కిందటేడే మంచి కాంపొనెంట్ స్పీకర్లు, ఆంప్ పెట్టించారు. ఇంకా సబ్ కావాలా?
– తిరుచానూరు

జవాబు: సబ్ వద్దమ్మా, మీ అమ్మగారు చెప్పింది సరిగ్గానే చెప్పారు. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిటిలో నేను ఎక్కువసేపు ఆలోచించింది మీ ప్రశ్న గురించే.

పాటలో గొంతు సాధారణంగా రెండు స్పీకర్లలోనూ సమానంగా రికార్డు అయి ఉంటుంది. రెండూ కలిసి ముందుకీ వెనక్కీ ఒకేసారి కదిలితే గొంతు ఎదురుగా, డాష్‌బోర్డు మధ్యలో నిలబడినట్టు వినిపిస్తుంది. ఒక డోర్లో ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే ఒకటి ముందుకి వస్తుంటే ఇంకోటి వెనక్కి పోతుంది. అప్పుడు రెండింట్లోనూ సమానంగా ఉన్న గొంతూ, బేసూ పలచబడతాయి. కుడికీ ఎడమకీ వేరువేరుగా ఉన్న వాయిద్యాలు మాత్రం అలాగే మిగులుతాయి. మీ అమ్మగారి మాటలు వింటే నాకు ముందు అనుమానం వచ్చింది దీని మీదే.

పరీక్ష చేయడం చాలా తేలిక. ఆంప్ దగ్గర స్పీకర్ వైర్లు విప్పమనండి. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ ఒకటి తీసుకుని ప్లస్ వైరుని సెల్ బొడిపెకి, మైనస్ వైరుని అడుక్కి ఒక్క క్షణం తాకించండి. ఇంకొకరు డోరు స్పీకర్ జాలీ మీద టార్చి వేసి చూడాలి. టక్ మని కోన్ బయటికి వస్తే సరి, లోపలికి పోతే ఆ డోర్లో వైర్లు తిరగబడ్డాయి. చూపుకి తెలియకపోతే జాలీ తీసి కోన్ మీద వేలు మెల్లగా ఆనించినా తెలుస్తుంది. నాలుగు వైపుల పెద్ద స్పీకర్లకే ఈ పరీక్ష చేయండి, క్రాసోవర్‌లో కెపాసిటర్ ఉంటుంది కాబట్టి ట్వీటర్‌కి ఇలా తెలియదు.

వైర్లన్నీ సరిగ్గా ఉన్నా మాటలు తెలియకపోతే తర్వాత చూడాల్సింది ట్వీటర్. చాలా కార్లలో వాటిని డాష్‌బోర్డు మీద అద్దం వైపు తిప్పి పెడతారు. అప్పుడు శబ్దం అద్దానికి కొట్టుకుని తిరిగొచ్చి, నేరుగా వచ్చేదానితో కలిసి "స", "శ", "త" లాంటి అక్షరాలు చెదిరిపోతాయి. పక్క అద్దం దగ్గర ఉండే మూడు మూలల ప్లాస్టిక్ మీదికి మార్చి, రెండు ముందు సీట్ల మధ్యకి గురి పెట్టించండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే పక్క స్తంభం కవర్‌కి కంత పెట్టనివ్వొద్దు. అలాగే 80 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఈక్వలైజర్ ఒక రెండు మూడు గీతలు తగ్గించి వినిపించండి. డోర్లలో మద్దెల మోత పెరిగి మాటని కప్పేసేది ఎక్కువగా అక్కడే.

డీఎస్‌పీ ఉంటే ఆలస్యం సర్దుకునే సౌకర్యం కూడా ఉంటుంది. శబ్దం ఒక మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. మన కార్లలో డ్రైవరుకి కుడి స్పీకర్ దగ్గర, ఎడమది ఒక అర మీటరు ఎక్కువ దూరం అనుకుంటే, దగ్గరదాన్ని 1.5 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే రెండూ కలిసి చేరతాయి. కాకపోతే ఇది ఒక్క సీటుకే కుదురుతుంది. మీ ఆయన తన సీటుకి సర్ది ఉంటే పక్క సీట్లో అమ్మగారికి ఇంకా చెడిపోతుంది. రెండు సీట్లకీ వేరువేరు సెట్టింగులు పెట్టుకుని, కొండకి వెళ్లే రోజు అమ్మగారిది నొక్కండి.

పాట ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడండి. వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చిన ఆడియోలో మొదట పోయేది పై స్వరాలే, దాన్ని ఏ స్పీకరూ తిరిగి తేలేదు. అదే కీర్తన మంచి ఫైలు పెన్ డ్రైవ్‌లో వేసి ఒకసారి పోల్చి వినిపించండి.

ముందు ఆ సెల్ పరీక్ష చేయించండి, ఖర్చు ఏమీ లేదు, అరగంట పని. ఏ డోరు తిరగబడి ఉందో, సరిచేశాక అమ్మగారు ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.